షెడ్డు: ఒక మాట, పలు నీడలు

చెన్నై నుండి విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్టణాల మీదుగా హౌరా చేరే మెయిలు బండి ప్రయాణం చివరి ఘట్టంలో సాంత్రాగాఛీ, రామరాజాతలా, దాస్‌నగర్ స్టేషన్లను దాటి టికియాపారా వద్దకు వస్తుంది. అక్కడి నుండి హౌరా స్టేషను సుమారు రెండు కిలోమీటర్ల దూరం మాత్రమే. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కోల్‌కతా మహానగర ప్రాంతంలో భాగమైన హౌరా నగరంలోని ఒక పేట టికియాపారా. పేరు చివరనున్న ‘పారా’ను బెంగాలీలో ‘పాడా’ అని పలుకుతారు. తెలుగులో ‘వాడ’, ‘పేట’ అన్న మాటలకు అది సమానార్థకం. ఇక్కడ రైలు పట్టాలు పాయలు పాయలుగా చీలి పొడవైన కప్పుల క్రిందికి వెళ్తాయి. ఆ కప్పుల చోటుకు ‘కార్‌షెడ్’ అని పేరు.

కిటికీ ప్రక్కన కూర్చున్న తెలుగు విద్యార్థికి ఆ పేరు చూడగానే ఒక సందేహం కలుగుట సహజం. అతని ఊరిలో పశువులను కట్టివేసే రేకుల పాక కూడ షెడ్డే. కోళ్ళను పెంచే పొడవాటి కట్టడం కోళ్ళ షెడ్డు. స్టేషను వద్ద బస్తాలు దించే చోటు గూడ్సు షెడ్డు. మోటారు బండి చెడిపోతే ‘షెడ్డుకు వెళ్ళింది’ అంటారు. ఆవుకు, కోడికి, ధాన్యపు బస్తాకు, విద్యుత్తు రైలుకు ఒకే మాట ఎట్లా సరిపోయినది? ఈ చిన్న మాట చరిత్రను, ప్రయోగాలను పరిశీలిస్తే ఆంగ్ల పదమొకటి బోధపడుటతో పాటు, మన దేశ భాషలు నివాసమనే భావాన్ని ఎట్లా పలికించినవో కూడ తెలుస్తుంది.

నీడ నుండి పుట్టిన మాట

‘షెడ్’ అన్న నామవాచకం పదునైదవ శతాబ్దపు చివరి భాగం నుండి ఆంగ్ల రచనలలో కనిపిస్తుంది. అది ‘షేడ్’ అన్న మాటకు రూపాంతరమని నిఘంటుకారులు భావిస్తారు. ‘షేడ్’ అనగా నీడ. ఎండను, వానను అడ్డగించే కప్పు క్రింద ఏర్పడే నీడకు పెట్టిన పేరు క్రమంగా ఆ కప్పుకే పేరయినది. నాలుగు వైపుల గోడలు లేకున్నను, తలుపు లేకున్నను, పైన కప్పు ఉంటే చాలును. అందుచేతనే ఇల్లు వేరు, షెడ్డు వేరు.

తెలుగు విద్యార్థికి ఈ పరిణామం వింతగా తోచదు. ఇల్లు వాకిలి లేనివానిని గూర్చి చెప్పునప్పుడు తెలుగువారు ‘నిలువ నీడ లేదు’ అంటారు. ఇక్కడ ‘నీడ’ అనగా చెట్టు నీడ మాత్రమే కాదు, ఆశ్రయం, నివాసం. ఆంగ్లేయుల ‘షేడ్’ ఏ దారిన నడచి ‘షెడ్’ అయినదో, తెలుగు ‘నీడ’ కూడ ఆ దారినే నడచినది. వేల మైళ్ళ ఎడమున్న రెండు భాషలు ఒకదాని నుండి మరొకటి ఏమియు గ్రహింపకనే, ఎండలో నిలిచిన ప్రాణికి మొదట కావలసినది నీడ అని గుర్తించినవి.

మాట తెలుగులోనికి వచ్చునప్పుడు దాని ఆకృతి కొంత మారినది. తెలుగు పదాలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. కనుక ‘బస్’ బస్సు అయినట్లు ‘షెడ్’ షెడ్డు అయినది, బహువచనంలో షెడ్లు. బెంగాలీ భాషకు హల్లుతో ముగిసే మాటలు కొత్త కావు కనుక అక్కడ అది ‘షెడ్’గానే నిలిచినది. ‘కార్‌షెడ్’ను బెంగాలీవారు ఒకే మాటగా కలిపి వ్రాస్తారు.

తాము కట్టుకున్నవి, మనిషి కట్టినవి

జంతువుల నివాసాలకు ఆంగ్లంలో ఎన్నో పేర్లున్నవి. వాటిని రెండు తరగతులుగా విభజించుకొంటే జ్ఞాపకం పెట్టుకొనుట సులభం. మొదటి తరగతి ప్రాణులు తమంతట తాము ఏర్పరచుకొన్న నివాసాలు. పక్షికి ‘నెస్ట్’, సింహానికి ‘డెన్’, కుందేలుకు ‘బరో’, డేగకు ‘ఐరీ’, తేనెటీగకు ‘హైవ్’. తేనెటీగల కోసం మనిషి చేసి పెట్టిన పెట్టెను కూడ ‘హైవ్’ అనే అంటారు. రెండవ తరగతి మనిషి పెంపుడు జంతువులకు కట్టియిచ్చినవి. గుర్రానికి ‘స్టేబుల్’, కుక్కకు ‘కెన్నెల్’, పందికి ‘స్టై’, కోడికి ‘కూప్’, గొర్రెలకు ‘పెన్’ లేక ‘ఫోల్డ్’, ఆవుకు ‘బయర్’ లేక ‘కౌ-షెడ్’. ‘బార్న్’ అన్నది పశువుల పాక అని పలువురు పొరబడుతారు. మొదట దాని అర్థం బార్లీ ధాన్యం దాచే ఇల్లు. పశువులను అందులో కట్టుట తరువాతి అలవాటు.

తెలుగులో ఈ సంపద తక్కువది కాదు. పక్షికి గూడు, చిలుకకు తొర్ర, చీమకు చెదకు పుట్ట, ఎలుకకు కలుగు, నక్కకు బొరియ, పులికి గుహ, తేనెటీగకు పట్టు. ఇవి మొదటి తరగతి. పశువులకు కొట్టం, పాక, సాల, గొడ్లచావడి, గుర్రానికి లాయం, మేకలకు దొడ్డి, కోడికి గంప, గూడు, చిలుకను పట్టి తెస్తే పంజరం, పులిని పట్టి తెస్తే బోను. ఇవి రెండవ తరగతి. ప్రాంతాన్ని బట్టి ఈ మాటలు మారుతూ ఉంటాయి. ఒక జిల్లాలో కొట్టమన్నది మరొక జిల్లాలో పాక, వేరొక చోట చావడి.

ఈ రెండు తరగతుల నడుమ ఒక నైతిక భేదం కూడ ఉన్నది. తాను కట్టుకొన్న గూటిలో పక్షి యజమాని. మనిషి కట్టిన పంజరంలో అదే పక్షి బందీ. చీమల పుట్ట పాముల పాలు అన్న సామెతలో కట్టినదొకరు, కాపురమున్నదొకరు. ఎవరు కట్టిరి, ఎవరు ఉండిరి, ఎవరి మేలు కొరకు కట్టిరి అన్న ప్రశ్నలు జంతువుల ఇళ్ళ పేర్లలో దాగియున్నవి.

బందెలదొడ్డి ఇందుకొక చక్కని ఉదాహరణ. పరుల చేలలో పడి మేసిన పశువులను తోలుకొనిపోయి కట్టివేసే ప్రభుత్వపు దొడ్డి ఇది. 1871 నాటి పశు అతిక్రమణ చట్టం ఇట్టి దొడ్లకు దేశమందంతటను ఒకే పద్ధతిని ఏర్పరచినది. యజమాని రుసుము చెల్లించి పశువును విడిపించుకొనవలెను. తెలుగు రైతు దీనిని బందెలదొడ్డి అనగా బెంగాలీ రైతు ‘ఖోయాడ్’ అన్నాడు. చట్టమొకటి, కష్టమొకటి, మాటలు మాత్రం ఎవరివి వారివి.

నిలుచు చోటు: స్టేబుల్, గోష్ఠం

‘స్టేబుల్’ అన్న మాటకు మూలం లాటిన్ భాషలోని ‘స్టాబులుమ్’. నిలుచు చోటు అని దాని భావం. లాటిన్ నుండి గ్రీకు ద్వారా అరబ్బీకి, అక్కడి నుండి పారసీకం మీదుగా భారతీయ భాషలకు వచ్చిన రూపం ‘అస్తబల్’. బెంగాలీలో అది ‘ఆస్తాబల్’. ఆ విధంగా కోల్‌కతా వీథులలో గుర్రపు బండ్లవాడు పలికిన ఆస్తాబల్, ఆంగ్లేయుడు పలికిన స్టేబుల్ ఒకే తల్లి బిడ్డలు. ఒకటి భూమార్గాన, మరొకటి సముద్రమార్గాన వచ్చి హుగ్లీ ఒడ్డున కలిసికొన్నవి.

అంతకంటె ఆసక్తికరమైన బంధుత్వం మరొకటి ఉన్నది. లాటిన్‌లో నిలుచుట అను అర్థమిచ్చే ధాతువునకు సంస్కృతంలోని ‘స్థా’ ధాతువు సోదరి. స్థానం, స్థలం, స్థిరం అన్నవి దీని నుండి వచ్చినవే. ఆవులు నిలుచు చోటు గోష్ఠం. అనగా ఐరోపావారి గుర్రపుసాలకు, భారతీయుల ఆవుల మందకు పేరు పెట్టిన ధాతువు ఒక్కటే.

గోష్ఠం అన్న మాట అక్కడనే ఆగిపోలేదు. ఆవులు చేరే చోట మనుష్యులు కూడ చేరుతారు, మాటలాడుకొంటారు. అట్లు చేరినవారి కూటమికి ‘గోష్ఠి’ అని పేరు వచ్చినది. నేడు తెలుగులో సాహిత్యగోష్ఠి అన్నప్పుడు ఎవరికిని ఆవుల వాసన తోచదు. బెంగాలీలో అదే మాట బంధువర్గమనియు, ఒక భావానికి కట్టుబడిన బృందమనియు అర్థమిస్తుంది. గోష్ఠ అన్నది అక్కడ మనిషి పేరు కూడ. మోహన్ బగాన్ జట్టులో ఆడి, 1962లో పద్మశ్రీ పురస్కారం పొందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు గోష్ఠ పాల్ పేరు కోల్‌కతాలో నేటికిని సుప్రసిద్ధం.

‘గోత్రం’ కూడ ఈ కోవకు చెందినదే. వైదిక భాషలో దానికి ఆవుల దొడ్డి అన్న అర్థమున్నది. ఒకే దొడ్డిలో పశువులను కాపాడుకొన్న కుటుంబాల వంశానికి అది పేరయినదని పలువురు పండితుల అభిప్రాయం. గోశాలలోని ‘శాల’యే పాఠశాలలోను, వైద్యశాలలోను ఉన్నది. పశువు నివాసానికి వాడిన మాటను చదువులకు, సభలకు, వంశాలకు వాడుకొనుటకు పూర్వులు సంకోచింపలేదు. పశువు వారికి సంపద, పశువు ఉండు చోటు గౌరవస్థానం.

టికియాపారాలో షెడ్డు చేయు పని

ఇక టికియాపారా వద్దకు తిరిగి వస్తే, అక్కడి షెడ్డులో ఆవులు, గుర్రాలు లేవు. ఆగ్నేయ రైల్వేకు చెందిన విద్యుత్తు లోకల్ రైళ్ళను అక్కడ పరీక్షించి, మరమ్మతు చేస్తారు. ఇదే ప్రాంతంలో తూర్పు రైల్వే వారి కోచింగు డిపో కూడ ఉన్నది. అక్కడ దూరప్రయాణపు పెట్టెలను శుభ్రపరచి సిద్ధం చేస్తారు. ‘కార్‌షెడ్’ అన్నప్పుడు కారు అనగా మోటారు కారు కాదు, రైలు పెట్టె. మోటారు బండ్లు పుట్టక పూర్వమే ఆంగ్లంలో ‘కార్’ అన్న మాట రథానికి, బండికి, రైలు పెట్టెకు వాడుకలో ఉన్నది.

భారతదేశంలో విద్యుత్తు రైలు మొదటిసారిగా 1925 ఫిబ్రవరి 3వ తేదీన బొంబాయిలో నడచినది. హౌరా నుండి షెవ్‌డాఫూలీ వరకు 1957 డిసెంబరులో విద్యుత్తు లోకల్ బండ్లు మొదలైనవి. ఇట్టి బండికి వేరుగా ఇంజను ఉండదు. పెట్టెల క్రిందనే మోటార్లుంటవి. పైనున్న తీగ నుండి విద్యుత్తును గ్రహించే చట్రం ఒక పెట్టె కప్పు మీద ఉంటుంది. రోజంతయు వేలాది ప్రయాణికులను మోసిన బండి షెడ్డుకు వచ్చిన పిమ్మట పట్టాల నడుమ త్రవ్విన గుంటలలోనికి కార్మికులు దిగి చక్రాలను, బ్రేకులను, మోటార్లను క్రింది నుండి పరీక్షిస్తారు. కప్పు మీది చట్రాన్ని మరి కొందరు పై నుండి చూస్తారు. అరిగిన బ్రేకు దిమ్మలను మార్చుతారు. ఇందులో ఏ ఒక్క పని తప్పినను మరునాటి ఉదయం ప్రయాణికుల ప్రాణాలకు ముప్పు.

రైల్వే వారి పరిభాషలో పాత పశువుల కొట్టం జాడలు నేటికిని కనిపిస్తాయి. పనిలేని వేళ రైలుపెట్టెలను నిలిపివుంచే పట్టాలకు ‘స్టేబ్లింగ్ లైన్’ అని పేరు. అనగా బండిని లాయంలో కట్టుట. యంత్రపు బలాన్ని నేటికిని గుర్రాల బలంతో కొలుస్తారు. ప్రతి రైలింజనుకు ఒక సొంత షెడ్డు ఉంటుంది. దానిని ‘హోమ్ షెడ్’ అంటారు. దాని పేరు ఇంజను మీద వ్రాసి ఉంటుంది. విజయవాడ, లాలాగూడ, కాజీపేట, విశాఖపట్టణం, సాంత్రాగాఛీ షెడ్ల ఇంజన్లు దేశమంతట తిరుగుతాయి. ఇంజను ఎంత దూరం పోయినను దానిని ఒక నియమిత కాలానికి సొంత షెడ్డుకు చేర్చవలెను. యంత్రానికి కూడ ‘ఇల్లు’ అన్న మాటను వాడక తప్పలేదు. లోకల్ బండ్ల విషయంలో టికియాపారాకు తెలుగు నేల మీద తోటివారున్నారు. 2003లో ప్రారంభమైన హైదరాబాదు ఎం.ఎం.టి.ఎస్. బండ్లకు మౌలాలిలోను, గోదావరి జిల్లాల మెము బండ్లకు రాజమహేంద్రవరంలోను ఇట్టి కార్‌షెడ్లున్నవి.

రూపమొకటి, మాటలు రెండు

ఆంగ్లంలో ‘షెడ్’ అన్న క్రియ కూడ ఉన్నది. అక్షరాలవే, ఉచ్చారణ అదే. కాని మూలం వేరు. వేరుచేయుట, విడదీయుట అన్న అర్థమిచ్చే ప్రాచీనాంగ్ల ధాతువు నుండి అది వచ్చినది. చెట్టు ఆకులను రాల్చుట, పాము కుబుసం విడుచుట, కుక్క వెండ్రుకలు రాల్చుట, మనిషి కన్నీరు కార్చుట, రక్తం చిందించుట, ఒక విషయంపై వెలుగు ప్రసరింపజేయుట - ఈ అన్నిటికిని ఆ క్రియ ఒక్కటే. తెలుగులో ఒక్కొక్క దానికి వేరొక క్రియ కావలెను. ఆకును ‘రాల్చుట’, కుబుసాన్ని ‘విడుచుట’, కన్నీటిని ‘కార్చుట’ మాత్రమే తెలుగునకు సహజం. ఒకదాని బదులు మరొకటి వాడితే అనువాదం చెడుతుంది.

ఈ భేదం ఎరుగకపోతే రెండు మాటల విషయంలో పొరపాటు జరుగుతుంది. మొదటిది ‘వాటర్‌షెడ్’. ఇది నీటికి వేసిన పాక కాదు. కురిసిన వాన ఏ వైపు ఏ వాగులోనికి పోవలెనో విడదీయు మిట్ట. జర్మను మాట ననుసరించి ఆంగ్లేయులు దీనిని కల్పించిరి. తెలుగులో జలవిభాజకమనుట సరియైనది. ఆ మిట్టల నడుమనున్న పరివాహక ప్రాంతమంతటికిని ఆ పేరు తరువాత వ్యాపించినది. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి మెట్ట ప్రాంతాలలో వాన నీటిని నిలుపుటకు చేపట్టిన పథకాల వలన ఈ మాట పల్లెలలో కూడ పరిచితమైనది.

రెండవది ‘లోడ్ షెడ్డింగ్’. ఉత్పత్తి అయ్యే విద్యుత్తు కంటె వాడుక పెరిగినప్పుడు వ్యవస్థ అంతయు కూలిపోకుండ కాపాడుటకు కొన్ని ప్రాంతాలకు సరఫరాను నిలిపివేస్తారు. అనగా భారాన్ని కొంత రాల్చివేస్తారు. 1970, 1980 దశాబ్దులలో కోల్‌కతా, హౌరా వాసులకు ఇది నిత్యానుభవం. చిమ్నీ దీపాల వెలుగులో పరీక్షలకు చదువుకొన్న ఒక తరం బెంగాలీ విద్యార్థుల నోట అది బెంగాలీ మాటయే అయిపోయినది. తెలుగువారు దానిని ‘కరెంటు కోత’ అని తమ మాటలలో చెప్పుకొన్నారు. ఒక షెడ్డు కప్పు నిచ్చునది. మరొక షెడ్డు వెలుగును తీసివేయునది. రూపసామ్యాన్ని బట్టి అర్థసామ్యాన్ని ఊహింపరాదన్న పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

ఖాటాల్, బాసా, బస్తీ

పల్లెలోని పశువుల కొట్టాన్ని బెంగాలీలో ‘గోయాల్’ అంటారు. కోల్‌కతా, హౌరా నగరాలలో పాల కొరకు ఆవులను, గేదెలను పెంచిన కొట్టాలకు మాత్రం ‘ఖాటాల్’ అని వేరొక పేరు ఉన్నది. బొంబాయిలో ఇదే ‘తబేలా’. బీహారు, ఉత్తర ప్రదేశ్‌ల నుండి వచ్చిన పాలవారు పెక్కుమంది వీటిని నడిపినారు. నగరపు పిల్లలకు పాలు అందించినవి ఈ కొట్టాలే. నగరపు కాలువలను పేడతో పూడ్చినవి కూడ ఇవే. స్వాతంత్ర్యానంతరం నగరాల నుండి పశువులను తరలించు ఉద్దేశంతో బొంబాయికి 1949లో ఆరే కాలనీని, కలకత్తాకు నదియా జిల్లా హరిణ్‌ఘాటాలో పాడి కేంద్రాన్ని ఏర్పాటు చేసినారు. పరిశుభ్రత దృష్ట్యా ఖాటాళ్ళను జనావాసాల నుండి తొలగింపవలెనని పాలకులు, న్యాయస్థానాలు పలుమార్లు ఆదేశించుట జరిగినది.

ఆ తొలగింపు అవసరమైనదే. కాని అందులో ఒక చిక్కు ఉన్నది. పలు ఖాటాళ్ళలో పశువులు ఒక ప్రక్కన, వాటిని కాచు మనిషి మరొక ప్రక్కన అదే కప్పు క్రింద నిద్రించేవారు. పశువుల పాకగా లెక్కింపబడిన కట్టడం మనిషికి కూడ నిలువ నీడ. పాకను తీసివేయునప్పుడు పశువునకు మరొక చోటు చూచినట్లే మనిషికిని చూడవలెను గదా! కాగితం మీద ‘షెడ్డు’ అని వ్రాసినంత మాత్రాన అందులో మనిషి లేడని చెప్పుటకు వీలులేదు.

మనుష్యుల ఇళ్ళకు బెంగాలీలోనున్న మాటలను కూడ ఇక్కడ గమనింపవలెను. ‘బాసా’ అన్న మాటకు పక్షి గూడు అనియు, మనిషి తాత్కాలిక నివాసమనియు రెండర్థాలున్నవి. తరతరాలుగా వచ్చిన సొంత ఇల్లు ‘బాడి’. పొట్టకూటికై వచ్చి అద్దెకున్న చోటు ‘బాసా’. తెలుగులో ‘బస’ అన్నది దీనికి దగ్గర మాట. టికియాపారా వంటి పేటలో బెంగాలీ, హిందీ, ఉర్దూ మాటలాడే కుటుంబాలు ప్రక్క ప్రక్కన నివసిస్తాయి. సమీపంలోని బెలిలియస్ రోడ్డు చుట్టుప్రక్కల పోత పని, లేతు పని చేసే చిన్న కర్మాగారాలు రేకుల షెడ్లలో నడుస్తాయి. అట్టిచోట ‘మీ బాసా ఎక్కడ, మీ బాడి ఎక్కడ’ అన్న రెండు ప్రశ్నలకు తరచు రెండు జవాబులుంటవి.

‘బస్తీ’ అన్న మాట తెలుగువారిని తికమక పెట్టగలదు. సంస్కృతంలోని ‘వసతి’యే దీనికి మూలం. తెలుగు పల్లెవాసికి బస్తీ అనగా పట్టణం. సినిమాహాళ్ళు, దుకాణాలు ఉన్న చోటు. హైదరాబాదులో బస్తీ అనగా ఒక వాడ. కోల్‌కతాలో బస్తీ అనగా ఇరుకైన పేదల ఇండ్ల వరుస. ‘మా బంధువులు బస్తీలో ఉంటారు’ అన్న ఒకే వాక్యం ఒకచోట గర్వంగాను, మరొకచోట దీనంగాను వినిపిస్తుంది. వసతి అన్న మూలార్థంలో గర్వము లేదు, దైన్యము లేదు. వాటిని జోడించినది సమాజం.

షెడ్డులో పని చేసినవారు

రైలు మార్గంతో పాటు మనుష్యులు, మాటలు ప్రయాణం చేసినవి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పందొమ్మిదవ శతాబ్ది చివర హౌరాకు పడమటి దిశగా వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఖరగ్‌పూర్‌ను పెద్ద కూడలిగా, కర్మాగార కేంద్రంగా రూపొందించుటకు పూనుకొన్నది. కొలువు వెదుకుకొంటూ శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల తెలుగువారు అధికంగా అక్కడికి తరలినారు. షెడ్లలో, వర్కుషాపులలో, పట్టాల మీద వారు పనిచేసినారు. ఆ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించినవారిలో వరాహగిరి వెంకటగిరి ఒకరు. 1928లో ఉద్యోగాలు కోల్పోయిన కార్మికుల హక్కుల కొరకు ఆయన అహింసాయుతమైన సమ్మెను నడిపినారు. ఆయనే 1969లో భారత రాష్ట్రపతి అయినారు.

1955లో ఆ రైల్వే వారసత్వం నుండి ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. ఖరగ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలు ఇంట తెలుగు, వీథిలో బెంగాలీ, పనిలో హిందీ, కాగితం మీద ఆంగ్లం వాడుతూ నాలుగు తరాలు గడిపినవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగునకు రాష్ట్రంలో అధికార భాషా ప్రతిపత్తి కల్పించుటకు నిర్ణయించినది. పొట్టకూటికై వచ్చినవారి ‘బాసా’ అట్లు ‘బాడి’ అయినది. షెడ్డు గోడల నడుమ ఏర్పడిన బంధం చట్టంలో చోటు సంపాదించినది.

మాటకు మర్యాద

జంతువుల ఇళ్ళ పేర్లను మనుష్యులకు వాడునప్పుడు భాష రెండు విధాలుగా ప్రవర్తిస్తుంది. ఒకటి నింద. ఆంగ్లంలో మురికి ఇంటిని ‘పిగ్‌స్టై’ అంటారు. దొంగల స్థావరాన్ని ‘డెన్’ అంటారు. తెలుగులో ‘గొడ్ల కొట్టంలా ఉన్నది’ అంటారు. బెంగాలీలో ఇరుకు గదులను ‘పాయ్‌రార్ ఖోప్’, అనగా పావురాల గూడు, అంటారు. రెండవది వాత్సల్యం. ‘కూడు, గూడు, గుడ్డ’ అని తెలుగువారు మనిషి కనీసావసరాలను లెక్కించునప్పుడు ఇంటికి పెట్టిన పేరు పక్షిదే.

ఆంగ్లంలోని ‘నెస్ట్’, సంస్కృతంలోని ‘నీడం’ ఒకే ప్రాచీన మూలం నుండి వచ్చినవి. కూర్చుండు చోటు అని వాటి భావం. బెంగాలీలో పక్షిగూటికి కావ్యభాషలో ‘నీడ్’ అన్న మాట నేటికిని ఉన్నది. తెలుగు ‘నీడ’ దానికి చుట్టము కాదు. అది ద్రావిడ పదం. అయినను గూడు, నీడ అన్న రెండు భావాలు ఒకే ధ్వనిలో కలిసికొనుట చెవికి ఇంపుగానున్నది. రవీంద్రనాథ్ ఠాగూరు 1921లో శాంతినికేతనంలో స్థాపించిన విశ్వభారతి ధ్యేయవాక్యంలో ఈ ‘నీడం’ ఉన్నది. విశ్వమంతయు ఒకే గూటిలో నివసించు చోటు అని దాని తాత్పర్యం. ఒక విశ్వవిద్యాలయం తన ఆదర్శాన్ని చెప్పుకొనుటకు రాజభవనాన్ని కాక పక్షిగూటిని ఎన్నుకొన్నది.

దీనిని బట్టి తేలునదేమనగా, పశుపక్ష్యాదుల నివాసానికి చెందిన మాటలో నీచత్వం లేదు. గోష్ఠం నుండి గోష్ఠి వచ్చినది. నీడం నుండి విశ్వభావన వచ్చినది. మనిషికి ఇవ్వవలసిన గాలి, వెలుతురు, నీరు ఇవ్వక, పశువునకు చాలునన్నంత మాత్రమే ఇచ్చినప్పుడు ఆ మాట నిందగా మారుతుంది. దోషం మాటది కాదు, లోపించిన వసతిది. టికియాపారాలో రాత్రివేళ ఒక రైలుబండికి కప్పు, వెలుగు, పరీక్షించు చేతులు దొరుకుతాయి. ఆ చేతుల వారికిని, వారి ఇరుగుపొరుగులకును అంతకు తగ్గని నిలువ నీడ దొరకుట న్యాయం.

అభ్యాసం

1. ‘షెడ్’ నామవాచకానికి, ‘షెడ్’ క్రియకు మూలభేదమేమి? ‘వాటర్‌షెడ్’, ‘లోడ్ షెడ్డింగ్’, ‘గూడ్సు షెడ్డు’ అన్నవి వీనిలో ఏ మూలానికి చెందినవి?

2. గోష్ఠం, గోష్ఠి, స్టేబుల్, ఆస్తాబల్ - ఈ నాలుగు మాటల నడుమనున్న బంధుత్వాన్ని వివరింపుము.

3. నీ ప్రాంతంలో ఆవు, గేదె, మేక, కోడి, గుర్రం నివాసాలకు వాడు మాటలను పెద్దలనడిగి సేకరింపుము. ప్రక్క జిల్లా మాటలతో పోల్చుము.

4. ‘బస్తీ’, ‘బాసా’, ‘బస’, ‘వసతి’ - వీనిని ఒక్కొక్క వాక్యంలో ప్రయోగింపుము. ఏ వాక్యంలో గౌరవమున్నది, ఏ వాక్యంలో చులకన ఉన్నది, అది ఎందులకో చెప్పుము.

5. నీ ఊరికి పొరుగు రాష్ట్రం నుండి పనికి వచ్చినవారు ఎక్కడ నివసించుచున్నారు? ఆ చోటును ఊరివారు ఏ పేరుతో పిలుస్తారు? వారు తమ భాషలో దానిని ఏమని పిలుస్తారు?